సిగ్నల్ లేని కొండ మీద సాయం ఎలా పిలవాలి? మహేంద్రగిరిలో పరీక్షించి చూశాం

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్ళు మన వైపు వేలల్లో ఉంటారు. వాళ్ళు బయల్దేరేలోపు ఈ వీడియో చూడాలని చేస్తున్నాను.

బల్ల మీద చూడండి. ఒక ఫోను, రెండు విజిల్స్, అరచేతిలో పట్టే అద్దం, ఒక జత వాకీటాకీలు. టవర్ అందని చోట ప్రాణం మీదకొస్తే వీటిలో ఏది పనికొస్తుందో కొండ మీదికి తీసుకెళ్ళి చూశాం.

ముందు, ఎందుకు చూడాల్సొచ్చిందో చెప్తాను. పోయిన కార్తీకంలో నేనూ మా బావమరిదీ మహేంద్రగిరి వెళ్ళాం. ఒడిశా వైపు నుంచి జీపులో ఎక్కి, కుంతి గుడి, భీముడి గుడి చూసుకుని, దిగేటప్పుడు మందస వైపు కాలిబాట పట్టాం. 1501 మీటర్ల కొండ అది. సగం దిగాక ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటుతుంటే నాచు మీద కాలు జారి వాడు పడ్డాడు. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఫోన్ తీస్తే ఒక్క గీత లేదు. గంటన్నర అరిచాను. నా గొంతు పోయింది కానీ గెడ్డ హోరు తగ్గలేదు. చివరికి పశువులు తోలుకొస్తున్న ఒక సవర గిరిజన పెద్దాయన మమ్మల్ని చూశాడు. నా అరుపు ఆయనకి వినపడనే లేదట, అటుగా వచ్చాడు కాబట్టి కనపడ్డాం. ఊళ్ళోకి వెళ్ళి నలుగుర్ని పిలుచుకొచ్చాడు. కర్రకి దుప్పటి కట్టి, డోలీలో రోడ్డు దాకా మోశారు. 108 బండి అక్కడికి వచ్చింది. ఆ నలుగురికీ నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అప్పట్నుంచి ఏ వస్తువు చూసినా ఒకటే ప్రశ్న వేసుకుంటున్నా. దీన్ని నొక్కితే, ఊదితే, మెరిపిస్తే, అటువైపు వినేది ఎవరు?

ఫోన్‌తో మొదలుపెడదాం. ఆ రోజు నా ఫోన్‌లో గీతలు లేవు కానీ పైన చిన్న అక్షరాలతో 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని వచ్చింది. దాని అర్థం నాకప్పుడు తెలీదు. తెలిసుంటే గంటన్నర అరిచేవాణ్ణి కాదు. మన సిమ్ కంపెనీకి అక్కడ టవర్ లేదు గానీ ఇంకో కంపెనీ టవర్ అందుతోంది అని దానర్థం. అప్పుడు 112 కొడితే ఫోన్ ఆ కాల్‌ని పరాయి టవర్ మీదుగా పంపించగలదు. మామూలు నంబర్లు కలవవు, మీ ఆవిడ నంబరు కలవదు, 112 మాత్రం కలిసే అవకాశం ఉంది. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ ఆ ఒక్క నంబరే. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర బటన్ ఫోన్ ఉంటే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్ళాలి. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో ఈ ఏర్పాటు ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. స్మార్ట్‌ఫోన్‌లో అయితే పవర్ బటన్ వరసగా నొక్కాలి. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో సెట్టింగ్స్‌లో ఇవాళే చూసి పెట్టుకోండి.

మన సరిహద్దు వాళ్ళకి ఇంకో చిక్కుంది. పర్లాకిమిడిలో వీధి మారితే ఫోన్ ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది, మళ్ళీ ఒడిశాకి వస్తుంది. కొండ మీదా అంతే. పట్టుకున్న టవర్ ఏ రాష్ట్రానిదైతే సాధారణంగా కాల్ ఆ రాష్ట్రం కంట్రోల్ రూమ్‌కే పోతుంది. మీరు ఒడిశాలోని గజపతి జిల్లాలో పడి ఉంటారు, ఫోన్ ఎత్తినవాళ్ళు ఆంధ్రాలోని శ్రీకాకుళం అనుకుంటారు. అందుకని నోరు తెరవగానే రాష్ట్రం పేరు, జిల్లా పేరు చెప్పండి. తర్వాత ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు. ఒరియా రాకపోతే హిందీలో చెప్పండి, నాలుగు ముక్కలు చాలు.

ఇప్పుడు దగ్గరగా చూడండి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడుతున్నా. మ్యాప్ తెరిస్తే నీలం చుక్క కనిపిస్తోంది కదా? జీపీఎస్‌కి టవర్‌తో పని లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చేది వింటుంది, అంతే. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంటే మీరెక్కడున్నారో తెలుస్తుంది. చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే మీరున్న చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో వస్తాయి. మహేంద్రగిరి మీదైతే 18.97 చుట్టూ ఒకటి, 84.37 చుట్టూ ఇంకొకటి. దశాంశం తర్వాత నాలుగు అంకెలూ రాసుకోండి. నాలుగో అంకె ఒకటి మారితే తేడా సుమారు 11 మీటర్లు. డోలీ మోసేవాళ్ళకి అంత చాలు.

ఆ అంకెలతో ఎస్సెమ్మెస్ ముందే టైప్ చేసి ఉంచుకోండి. కాల్ నిలబడాలంటే సిగ్నల్ నిలకడగా ఉండాలి. మెసేజ్‌కి ఒక్క క్షణం గీత వస్తే చాలు. గుంటలోంచి గట్టు మీదికి ఎక్కినప్పుడు ఆ క్షణం దొరుకుతుంది. దెబ్బ తగలనివాళ్ళు ఎక్కాలి, ఫోన్ పట్టుకుని. మిగతా సమయమంతా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. టవర్ లేని చోట ఫోన్ దాన్ని వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. మా ఫోన్ ఆ రోజు సాయంత్రానికి అలాగే చచ్చిపోయింది.

శాటిలైట్ పరికరాల గురించి చాలామంది అడుగుతారు. ఇన్‌రీచ్ లాంటివి, ఆకాశం కనిపిస్తే చాలు మెసేజ్ పోతుంది. పరికరం మంచిదే. కానీ మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. తురాయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లూ అంతే. ట్రెక్కింగ్‌కి తెచ్చుకున్న విదేశీయుల్ని కూడా మన ఎయిర్‌పోర్టుల్లో పట్టుకున్నారు. టెలికాం శాఖ అనుమతితో బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఇన్‌మార్‌శాట్ ఫోన్ ఒకటుంది, మామూలు యాత్రికుడికి అది అందే వస్తువు కాదు. ఐఫోన్ 14 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్ఓఎస్ కూడా ఈ వీడియో తీసేనాటికి ఇండియాలో లేదు. దయచేసి అమెరికాలో ఉన్న అల్లుడిగారి చేత తెప్పించుకోకండి. సాయం కోసం కొన్న వస్తువు కేసు తెచ్చిపెడుతుంది. సముద్రం సంగతి వేరు. మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ నొక్కితే కోస్ట్ గార్డ్‌కి కబురు చేరుతుంది. అక్కడ వినేవాళ్ళున్నారు. కొండలెక్కే మనకీ అలాంటిదొకటి ఇస్తే ఎంత బాగుండు అని మనస్ఫూర్తిగా అనిపిస్తుంది.

వాకీటాకీలు. లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌వి ఉన్నాయి, ఇవి అవే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పెద్ద పవర్‌వి కొనకండి, వాటికి లైసెన్స్ కావాలి. మైదానంలో బాగానే పలికాయి. కొండ మలుపు తిరగ్గానే గర్ర్ అని ఆగిపోయాయి. రెండు జట్లుగా నడిచేవాళ్ళు ఒకరినొకరు తప్పిపోకుండా ఉండడానికి పనికొస్తాయి. ఆపదలో పిలిస్తే రెండో సెట్టు కూడా మన సంచిలోనే ఉంటుంది కదా, ఎవరు వింటారు?

అద్దం మీద నాకు ఆశ ఉండేది. ఎండ ఉన్నప్పుడు ఎదుటి కొండ మీదున్న మా తమ్ముడికి మెరుపు స్పష్టంగా కనిపించింది. పదింటికి మంచు కమ్మేసింది, ఇంక అద్దం దండగ. రాత్రి టార్చి మెరిపించొచ్చు, మూడు మెరుపులు, కాస్త ఆగి మళ్ళీ మూడు. మంట మాత్రం వద్దు. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం నేరం. పైగా శివరాత్రి నాటికి ఆకంతా ఎండి కరకరలాడుతుంటుంది, కొండ మొత్తం అంటుకుంటుంది.

ఇక విజిల్. ఇది స్టీల్‌ది, స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఊదేది. లోపల గింజ కదులుతోంది చూడండి. నీళ్ళలో ముంచి తీసి ఊదుతున్నా... విన్నారా? గింజ తడిసి అంటుకుపోయింది. ఇది ప్లాస్టిక్‌ది, గింజ లేదు, మూడు గదులుంటాయి. ఇదీ ముంచాను... చెవులు గడియలు పడ్డాయి, క్షమించండి. నాకు 60 రూపాయలు పడింది. ఇలాంటి గింజలేని విజిల్‌లో పేరున్న ఫాక్స్ 40ని 1987లో కెనడాకి చెందిన ఒక బాస్కెట్‌బాల్ రిఫరీ తీసుకొచ్చాడు. ఆట మధ్యలో గింజ ఇరుక్కుని విజిల్ పలకలేదట, ఆ కసితో చేయించాడు.

మేం పడ్డ ఆ గెడ్డ దగ్గరే పరీక్ష పెట్టాం. తమ్ముడు ఎదుటి గట్టు మీద, మ్యాప్ ప్రకారం 600 మీటర్ల దూరం. నేను గొంతు చించుకుని అరిచాను, వాడికి ఏమీ వినపడలేదు. విజిల్ ఊదగానే చెయ్యి ఊపాడు. కిలోమీటరు దూరంలో గాలి అటు వీచినప్పుడు సన్నగా వినిపించింది, గట్టు మలుపు వెనక్కి వెళ్తే వినపడలేదు. నీటి హోరు కంటే విజిల్ మోత చాలా కీచుగా ఉంటుంది, మన చెవి బాగా పట్టే స్వరం అది. పైగా విరిగిన కాలితో పడుకుని కూడా ఊదొచ్చు, అరిచినంత ఊపిరి అక్కర్లేదు.

మూడుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ మూడుసార్లు. కొన్ని బయటి దేశాల్లో దీన్ని ఆపద గుర్తుగా నేర్పిస్తారు. మన సవర ఊళ్ళలో ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు కదా అని నాకు అనుమానం వచ్చింది. మమ్మల్ని మోసిన ఊరికే వెళ్ళి అడిగాను, ఎలాంటి మోత వింటే మీరు వస్తారు అని. ఆ పెద్దాయన చెప్పింది ఇది: "పిల్లలు ఊదితే ఎడాపెడా ఊదుతారు, పట్టించుకోం. ఆగి ఆగి అదే చోట నుంచి అదే పనిగా వస్తే ఎవరో ఉన్నారని వస్తాం." కాబట్టి కదలొద్దు. ఉన్నచోటే ఉండి, గడియారం చూసుకుని ఊదండి. ఎవరైనా బదులు కేకేసినా ఆపకండి, మోత పట్టుకునే వాళ్ళు మీ దగ్గరికి రావాలి.

దీన్ని సంచిలో పెట్టకండి. మా బావమరిది పడినప్పుడు వాడి సంచి ముందు జారి గెడ్డలోకి పోయింది, నీళ్ళ సీసా, మందులు, అన్నీ అందులోనే. తాడు కట్టి మెడలో వేసుకోండి. పిల్లలకి కూడా, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.