పేరు టేకే, చెక్క వేరు

(వనమహోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న వడ్రంగి మేస్త్రీలకు, రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం ‘చెట్లు - పర్యావరణం’. కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటి నుంచి ప్రతి జూలైలోనూ ఈ అంశం మీద ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. నీడ గురించి, ప్రాణవాయువు గురించి మీరు ఇదివరకే విన్నారు. అందుకని ఈ సమయాన్ని వేరే విషయానికి వాడుకుంటాను. చాలా ఏళ్లుగా నా మనసులో రగులుతున్న విషయం అది. పెద్దలు మన్నించాలి.

మనం చెట్టును పేరుతో కొంటున్నాం, పేరుతో అమ్ముతున్నాం, పేరుతో లెక్కపెడుతున్నాం. టేకు అనగానే టేకు ధర కట్టేస్తాం. ఎర్రచందనం అనగానే కోట్లు కళ్ల ముందు కదులుతాయి. ఆ చెట్టు ఏ నేలలో పెరిగింది, ఎంత వాన చూసింది, పక్కన ఎన్ని చెట్లు నిలబడ్డాయి, దాని వయసెంత అని అడిగేవాళ్లు తక్కువ. చెట్టు గుణాన్ని తేల్చేవి మాత్రం ఆ ప్రశ్నలే.

ముందు మీరే చూడగలిగిన దానితో మొదలుపెడతాను. పిల్లలూ, సభ ముగిశాక మీ ఆవరణలోని మామిడి చెట్టు దగ్గరకు వెళ్లండి. ఎండ నేరుగా తగిలే పైకొమ్మ నుంచి ఒక ఆకు, కాండానికి దగ్గరగా గుబురు లోపలి నుంచి ఒక ఆకు కోయండి. రెండూ ముదురాకులే అయి ఉండాలి. మామిడి లేతాకు రాగిరంగులో ఉండి తర్వాత పచ్చబడుతుంది కనుక దాన్ని తీసుకుంటే పోలిక కుదరదు. ఎండాకు చిన్నగా, మందంగా, బిరుసుగా ఉంటుంది. నీడాకు వెడల్పుగా, పలుచగా ఉంటుంది. రెండింటినీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎండాకులో సూర్యరశ్మిని పట్టే కణాల వరుస దట్టంగా పేరుకుంటుంది. నీడాకు అందిన కాస్త వెలుతురునూ వదలకుండా పరుచుకుంటుంది. విత్తనం ఒకటే, వేరు ఒకటే, కొమ్మ చోటు మారితే ఆకు మారిపోయింది.

ఇక వయసు సంగతి. పనస మొక్కను చూసే ఉంటారు. లేత మొక్క ఆకులకు చాలాసార్లు అంచుల్లో చీలికలుంటాయి. చెట్టు పెద్దదయ్యాక వచ్చే ఆకులకు అవి కనిపించవు. మన రోడ్ల పక్కన విరివిగా నాటిన ఆస్ట్రేలియా తుమ్మ ఇంకా విచిత్రమైనది. మొలక దశలో దానికి మన నల్లతుమ్మలాంటి చిన్న చిన్న రెక్కలాకులు వస్తాయి. కొద్ది వారాల్లోనే అవి ఆగిపోయి, ఆకు కాడే చదునుగా సాగి కొడవలి ఆకారంలో ఆకు పని చేయడం మొదలుపెడుతుంది. చెట్టంతా పెరిగాక చూసినవాడు, మొలకను చూసినవాడు ఇది ఒకే జాతి అంటే నమ్మరు. టేకు కూడా అంతే. నర్సరీ మొక్కకూ, నరికిన మోడు నుంచి లేచిన పిలకకూ వచ్చే ఆకులో మనిషి భోంచేయవచ్చు. పాత చెట్టు పైన ఉండే ఆకు దానిలో సగం కూడా ఉండదు.

ఆకుల్లోనే ఇంత తేడా ఉంటే చెక్కలో ఎంత ఉంటుందో ఆలోచించండి. నా బాధంతా చెక్క గురించే.

ఈ రెండు ముక్కలూ ముందు వరుసలోకి పంపుతున్నాను. మేస్త్రీలూ, చేతిలోకి తీసుకుని గోటితో గీసి చూడండి. ఒకటి పాత ఇల్లు పడగొట్టినప్పుడు కలప అడితిలో దొరికిన ద్వారబంధం ముక్క. రెండోది ఒక రైతు పొలం గట్టు మీద నీళ్లు బాగా తాగి పెరిగిన పడుచు టేకు చెట్టుది. పేరు రెండింటికీ ఒకటే. మొదటిదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ తోలువాసన లాంటిది వస్తుంది. వేళ్లకు నూనె తగిలినట్టుంటుంది. రెండోదానిలో నడుమ ముదురు రంగులో కాస్త చేవ, చుట్టూ మందంగా తెల్లచెక్క కనిపిస్తుంది. ఆ తెల్లచెక్క అంచున సన్నని పిండి రాలుతోంది, గమనించారా? అది పుచ్చుపురుగు పని. తెల్లచెక్కలో నిలవ ఉండే పిండిపదార్థం దాని ఆహారం.

ఎందుకిలా జరుగుతుందో చెప్పాలి. కాండంలో బయటి భాగం, అంటే తెల్లచెక్క, బతికి ఉండి నీటిని పైకి మోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి భాగం ఆ పని నుంచి తప్పుకుంటుంది. అక్కడి జీవకణాలు చనిపోయే ముందు రకరకాల రసాయనాలను తయారుచేసి చెక్కలో నింపుతాయి. టేకులో చెదపురుగును దూరం పెట్టే టెక్టోక్వినోన్ వాటిలో ఒకటి. అలా నిండిన భాగమే చేవ. కొమ్మలు విరివిగా, ఆకు గుబురుగా ఉన్న చెట్టుకు నీరు ఎక్కువ కావాలి, కనుక తెల్లచెక్క మందంగా ఉంచుకుంటుంది. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, దూరం దూరంగా నాటితే కాండం త్వరగా లావెక్కుతుంది. చేవ మాత్రం ఆ వేగంతో రాదు. వచ్చిన చేవలో కూడా మొదటి ఏళ్లది బలహీనం. టేకు తొలి ఇరవై, పాతికేళ్లలో వేసే చెక్కను పరిశోధకులు లేత చెక్కగానే పరిగణిస్తారు. అందులో నారలు పొట్టివి, రక్షించే రసాయనాలు తక్కువ.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1990లలో టేకు తోటల కంపెనీలు ఊరూరా పుట్టుకొచ్చాయి. కొన్ని వేలు కడితే మీ పేరున కొన్ని టేకు మొక్కలు, ఇరవై ఏళ్లకు లక్షలు, అని రంగు కాగితాల మీద అచ్చేసి పంచారు. మా నాన్నగారు బడిపంతులు. పదవీ విరమణ సొమ్ములో పెద్ద భాగం అలాంటి ఒక కంపెనీకి కట్టారు. వాళ్లిచ్చిన కాగితం మీద నిలువెత్తు టేకు అడవి ఫొటో ఉండేది. ఆయన దాన్ని పటం కట్టించి గోడకు తగిలించారు. కొన్నేళ్లకు ఆఫీసు తాళం పడింది. దేశమంతటా ఇలాంటివి కూలిపోతున్న సమయంలోనే, 1999లో, పెట్టుబడుల మార్కెట్లను నియంత్రించే సెబీ ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. మా నాన్నగారికి అది అందిరాలేదు.

ఆయన పోయాక నేను ఆ స్థలం వెతుక్కుంటూ వెళ్లాను. కాలువ దిగువన నల్లరేగడి, వానాకాలమంతా నీళ్లు నిలిచే పల్లం. టేకుకు నీరు జారిపోయే లోతైన నేల కావాలి. వేళ్లు నీటిలో నానితే ఊపిరాడదు. చెట్లు చచ్చినవి చావగా, మిగిలినవి మనిషి ఎత్తు దాటగానే రెండుగా చీలి నిలబడ్డాయి. టేకుకు పూగుత్తి కొమ్మ చివరనే వస్తుంది. అది వచ్చాక ఆ కొమ్మ నేరుగా పెరగడం ఆగి, పక్క మొగ్గలు చీలిపోతాయి. బలమైన నేలలో చెట్టు ముందు ఎత్తు పెరిగి తర్వాత పూస్తుంది, కాండం నిలువుగా దూలమంత వస్తుంది. అక్కడ పెరగకముందే పూసింది. నిలువు కాండమే లేనిచోట దూలం ఎక్కడి నుంచి వస్తుంది? ఫొటోలో ఉన్న చెట్టూ, ఆ పల్లంలో ఉన్న చెట్టూ ఒకే జాతి. కంపెనీ పేరు విషయంలో అబద్ధం చెప్పలేదు. మోసం జరిగింది నేల దగ్గర, వయసు దగ్గర.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఆ కాగితాలు మళ్లీ వస్తున్నాయి. ఈసారి ఫోనులో వస్తున్నాయి. టేకు స్థానంలో ఎర్రచందనం, శ్రీగంధం పెడుతున్నారు. సోదరులారా, దయచేసి వినండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో. కడప, అన్నమయ్య, తిరుపతి, నెల్లూరు జిల్లాల కొండలు దాని ఇల్లు. శేషాచలం, వెలికొండ, పాలకొండల మీద రాళ్ల సందుల్లో, చాలీచాలని వానల్లో పెరుగుతుంది. దాని చేవ నీటిలో మునిగేంత బరువు. శాంటాలిన్ అనే ఎర్రరంగు అందులో ఊరడానికి దశాబ్దాలు పడుతుంది. జపాన్‌లో షామిసేన్ అనే తంతివాద్యం మెడకు వాడేది ఆ చేవనే. డెల్టా పొలంలో బోరు నీళ్లతో పెంచితే ఆకు ఆకే, కాయ కాయే. కాండం కోసి చూస్తే తెల్లచెక్కే ఎక్కువ. పెంచవద్దని నేననడం లేదు. మెట్ట రైతు ఓపికగా పెంచుకోవచ్చు. పదిహేనేళ్లకు కొండచెట్టు ధర వస్తుందని ఎవరైనా చెబితే మాత్రం సంతకం చేయకండి. చేవ ఎంత ఉంటుంది, ఏ ఆధారంతో చెబుతున్నారని ముందు అడగండి.

కష్టాల్లో పెరిగిన చెట్టే గట్టిదనే నమ్మకం మనలో బలంగా ఉంది. అది పూర్తిగా నిజం కాదు. టేకులో ప్రతి ఏడాది వలయానికీ మొదట పెద్ద రంధ్రాల చెక్క, తర్వాత దట్టమైన చెక్క పడతాయి. కరువు ఏడాది వలయం ఇరుకైపోతే దట్టమైన భాగమే తగ్గుతుంది. అందుకే బాగా పెరిగిన టేకు బలంలో వెనకబడాల్సిన పని లేదు. వెనకబడేది మన్నికలో. కేరళలో ఇళ్ల పెరడుల్లో తడి ఎక్కువైన చోట పెరిగిన టేకును పరీక్షిస్తే, అది కుళ్లు కలిగించే శిలీంధ్రాలను తక్కువగా తట్టుకుంది. బలం వేరు, మన్నిక వేరు. రెండింటినీ కలిపి ‘క్వాలిటీ’ అని ఒక్కమాటలో అనేయడం వల్ల ఎందరో నష్టపోయారు.

వలయాల మాట వచ్చింది కనుక ఒక సంగతి. ఉష్ణమండలంలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే చాలా చెట్లలో వలయాలు స్పష్టంగా ఉండవు. వాటి వయసు చెప్పడం కష్టం. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి పెరుగుదల ఆపుతుంది కనుక దాని వలయం చదవవచ్చు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు కేరళ టేకు వలయాల నుంచి పాత వర్షపాతాన్ని అంచనా వేశారు. చెట్టు ఏ ఏడు ఆకలితో ఉందో దాని లోపలే రాసి ఉంటుంది. మీ చేతిలోని ద్వారబంధం ముక్క అడ్డకోతలో దగ్గర దగ్గరగా పడ్డ సన్నని గీతలు చూడండి. ఆ ఏళ్లలో ఆ అడవిలో వానలు సరిగా పడలేదన్నమాట. అది ఆదిలాబాద్ వైపు కలప అని అమ్మినాయన చెప్పాడు. ఆ ప్రాంతపు టేకు చేవలో గులాబీ ఛాయ ఉంటుందని పేరు. అదే టేకు కేరళలోని నిలంబూరులో చాలియార్ నది ఒండ్రు మీద మహావృక్షమైంది. 1840లలో మలబారు కలెక్టర్ కానలీ, ఆయన దగ్గర పనిచేసిన చాతు మేనోన్ నాటించిన తోటలోని చెట్లు కొన్ని నేటికీ ఉన్నాయి. వీలైతే వెళ్లి చూడండి.

చెట్టు లోపలే చెక్క మారుతుందనడానికి దక్షిణ అమెరికా బాల్సాకు మించిన ఉదాహరణ లేదు. అడవిలో చెట్టు కూలి ఏర్పడ్డ ఖాళీలో అది మొలుస్తుంది. పక్క చెట్లు కమ్మేయకముందే పైకి చేరాలి కనుక మొదట అతి తేలికైన చెక్క వేసుకుంటూ ఎగబాకుతుంది. పైకి చేరాక, గాలికి నిలబడాలి కనుక బయటి పొరల్లో బరువైన చెక్క వేస్తుంది. దాని సాంద్రత ఇంత అని పట్టికలో ఒక్క అంకె రాస్తే, ఆ అంకె ఏ వయసు చెట్టుది, కాండంలో ఏ భాగానిది అని అడగాలి. విద్యార్థులు ఇది రాసుకోండి. రేపు మీరు ప్రాజెక్టు పనిలో ఏ చెట్టును కొలిచినా, చోటు, వెలుతురు, చుట్టుకొలత, కోసిన భాగం రాయకపోతే ఆ కొలత ఎవరికీ పనికిరాదు.

ఇంకొక్క మాట. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, తెలుసు. ఇది మాత్రం చెప్పి తీరాలి. రోడ్డు వెడల్పు కోసం పాత చెట్టు కొట్టినప్పుడల్లా ‘ఒకటికి పది మొక్కలు నాటుతాం’ అంటున్నారు. చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా ఎందుకు వెళ్లారు? నర్సరీలో మర్రిమొక్కలు దొరకకనా? 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 403 జాతులకు చెందిన ఆరు లక్షల డెబ్భై వేలకు పైగా చెట్ల కొలతలను పరిశీలించింది. అత్యధిక జాతుల్లో చెట్టు పెద్దదయ్యేకొద్దీ ఏటా కూడబెట్టే బరువు పెరుగుతూనే ఉంది. ఒక మహావృక్షం ఒక్క ఏడాదిలో చేర్చుకునే కర్బనం, అడవిలోని ఒక మధ్యరకం చెట్టులో మొత్తంగా ఉన్నంత ఉండవచ్చు. ముసలి చెట్టు పని అయిపోయిందని నరకడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి! ఊడలు దిగి, తొర్రల్లో చిలుకలు చేరి, వేళ్ల కింద నేల గుల్లబారిన మర్రి చేసే పనిని గుంతలో పెట్టిన పది మొక్కలు ఈ ఏడు చేయలేవు, వచ్చే ఏడూ చేయలేవు. వాటిలో బతికినవి ఆ వయసుకు చేరేసరికి ఈ సభలో ఉన్న మనమెవరమూ ఉండం.

కార్యదర్శి గారూ, ఇందాక మీరు తీసిన గుంతలు చూశాను. కాలువ పక్క వరుసలో టేకు పెడుతున్నట్టున్నారు. అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆ వరుసకు తెల్లమద్ది, నేరేడు పెట్టండి. అవి తడికి ఓర్చుకుంటాయి. టేకును ఆట స్థలం వెనక ఎత్తైన ఎర్రమట్టి దిబ్బ మీదకు మార్చండి. మొదట దగ్గరగా నాటితే పక్కకొమ్మలు తక్కువై కాండం నిలువుగా లేస్తుంది, తర్వాత బలహీనమైనవి తీసేయవచ్చు. ప్రతి మొక్కకూ నాటిన తేదీ, నేల రకం, విత్తనం వచ్చిన చోటు రాసే పుస్తకం ఒకటి వృక్షశాస్త్ర విభాగంలో ఈ రోజే తెరవండి. పారలు సిద్ధంగా ఉన్నాయనుకుంటాను. మొదటి పేజీ రాయడానికి నేను వస్తాను, పదండి.