తొలి యుకులేలే: ఏ సైజు కొనాలి?

సభకు నమస్కారం. హనుమకొండ, కాజీపేట, నర్సంపేటల నుంచి వచ్చిన మీలో చాలామందికి ఉన్న మొదటి సందేహం యుకులేలే అనే నాలుగు తీగల చిన్న వాద్యాన్ని ఏ సైజులో కొనాలన్నదే కనుక, నేరుగా అక్కడికే వస్తాను.

1879లో మదీరా దీవి నుంచి హవాయికి వలస వెళ్ళిన పోర్చుగీసు వారి వెంట వచ్చిన చిన్న తంత్రీవాద్యాల నుంచి పుట్టిన ఈ వాద్యం మొదట్లో సోప్రానో సైజులోనే ఉండేది. కాన్సర్ట్, టెనర్, బారిటోన్ ఆ తరువాత వచ్చినవి. దుకాణంలో వీటిని 21, 23, 26, 30 అంగుళాలని చెబుతారు. అది మొత్తం పొడవు మాత్రమే. మన వేళ్ళకు సంబంధించినది తీగ మోగే పొడవు: సోప్రానోకు సుమారు 13 నుంచి 14 అంగుళాలు, కాన్సర్ట్‌కు 15, టెనర్‌కు 17, బారిటోన్‌కు 19 లేదా 20. వీణకు మెట్లు ఉన్నట్లే దీనికి ఫ్రెట్లు ఉంటాయి. తీగ పొడవు పెరిగినకొద్దీ వాటి మధ్య దూరమూ పెరుగుతుంది. సోప్రానోలో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లయితే, టెనర్‌లో 24. ఐదు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు గానీ, మూడు నాలుగు ఫ్రెట్ల మీదికి వేళ్ళు చాచవలసి వచ్చినప్పుడు పదేళ్ళ పిల్లల చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహను సరిచేయాలి. వేళ్ళు లావుగా ఉన్నవారు పెద్ద సైజు కొంటే తీగలు ఎడంగా ఉంటాయని నమ్ముతారు. తీగల మధ్య ఎడాన్ని నిర్ణయించేది మెడ పైభాగాన తీగలు ఆని ఉండే నట్ అనే చిన్న పట్టీ వెడల్పు. అది చాలా వాద్యాల్లో 35 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్యనే ఉంటుంది, సైజుతో పాటు పెద్దగా పెరగదు. కనుక అలాంటివారు సైజు కన్నా ముందు నట్ కొలత అడగడం మేలు.

సోప్రానో, కాన్సర్ట్, టెనర్ మూడింటికీ సాధారణ శ్రుతి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, జి, సి, ఇ, ఎ. మొదటి తీగ, అంటే ఎ తీగ, మూడో ఫ్రెట్‌పై ఒక్క వేలు పెట్టి అన్ని తీగలూ మీటితే సి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వస్తుంది. ఒకదానిపై నేర్చుకున్నది మిగతా రెండింటికీ పనికొస్తుంది. బారిటోన్ శ్రుతి మాత్రం డి, జి, బి, ఇ, అంటే గిటారులోని నాలుగు సన్నని తీగలదే. అదే వేలు అక్కడ పెడితే జి కార్డ్ పలుకుతుంది. గిటారు తెలిసినవారికి అది సులువే. కొత్తవారు మాత్రం యుకులేలే పాఠాలు చూసి దానిపై సాధన చేస్తే తికమక తప్పదు.

నా అభిప్రాయంలో చిన్న పిల్లలకు సోప్రానో, పెద్దలకు కాన్సర్ట్ సరిపోతాయి. ఒక్కొక్క స్వరంగా పాట పలికించాలన్న కోరిక ఉంటే టెనర్ మంచిదే, అయితే బరువు ఎక్కువ కనుక భుజానికి పట్టీ కావాలనిపిస్తుంది. మన మే నెల ఎండకు, పొడి గాలికి ఏకచెక్క పలకలు పగిలే ప్రమాదం ఉన్నందున, తొలి వాద్యానికి పొరల చెక్కతో చేసినది చాలు.

కొనేముందు ఫోన్‌లోని ట్యూనర్‌తో, అంటే శ్రుతి చూపే యాప్‌తో, ఒక పరీక్ష చేయండి. తీగను ఖాళీగా మీటి, తరువాత పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. శ్రుతి సరిచేశాక కూడా అది స్పష్టంగా తప్పితే, ఏ సైజైనా సరే, ఆ వాద్యాన్ని పక్కన పెట్టి మరొకటి చూపించమనండి.