పక్షవాతం తర్వాత: వ్యాయామం, పాట, మర్దన

సభకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కుటుంబాలవారు ఈ సభలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే అన్ని జబ్బుల జోలికీ పోకుండా ఆ ఒక్క జబ్బు తర్వాతి పునరావాసం గురించే మాట్లాడతాను. ఫిజియోథెరపీ, సంగీతం, చిత్రలేఖనం, యోగా, నూనె మర్దన అంటూ మీకు పదిమంది పది దారులు చెబుతారు. వాటిని తూచడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఆ చికిత్స జరుగుతున్నంతసేపూ రోగి తానుగా ఏం చేస్తున్నాడు?

ఈ ప్రశ్నకు ఆధారం మెదడు పనితీరులోనే ఉంది. రక్తనాళం పూడుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో చనిపోయిన నాడీకణాలు తిరిగి బతకవు. అయితే ఆ చుట్టుపక్కల మిగిలిన భాగాలు, కొంతవరకు మెదడులోని రెండో సగం కూడా, పోయిన పనిని కొత్తగా నేర్చుకోగలవు. గట్టున కూర్చుంటే ఈత రానట్టే, ఇంకొకరు చెయ్యి పట్టుకుని ఆడించినంత మాత్రాన ఈ నేర్పు రాదు. గ్లాసు అందుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, కుర్చీలోంచి లేచి నిలబడడం వంటి అక్కరకొచ్చే పనులను, కష్టం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, వందలసార్లు చేస్తేనే వస్తుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతిలో, బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం బలహీనపడిన చేతితోనే పనులు చేయిస్తారు. స్ట్రోక్, అంటే ఈ పక్షవాతమే, వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై రెండు వారాలపాటు దీన్ని పరీక్షించిన ఎక్సైట్ అధ్యయనం 2006లో వెలువడింది. మామూలు వైద్యం పొందినవారికంటే ఈ పద్ధతి పాటించినవారి చేతి పనితనం మెరుగుపడింది, ఆ మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కొంచెమైనా కదిలేవారికే ఇది పనికివస్తుంది. అసలు కదలిక లేని చేతికి దీన్ని ప్రయత్నించి రోగిని నిరుత్సాహపరచవద్దు. అటువంటివారికి అద్దం సాయం ఉంది. రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, బాగున్న చెయ్యి కదులుతుంటే దాని ప్రతిబింబాన్ని చూడమంటారు. చెన్నైలో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, తెగిపోయిన అవయవం ఉన్నట్టే నొప్పి పెట్టే రోగుల కోసం మొదలుపెట్టిన ఈ ఉపాయం పక్షవాతంలోనూ చేతి కదలికకు కొంత తోడ్పడుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. దీనికయ్యే ఖర్చు ఒక అద్దం ఖరీదు.

ఎంతసేపు, ఎప్పటినుంచి అన్నవి కూడా ముఖ్యమే. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే రోగిని పక్క దింపి ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నడిపించడం మంచిదేనా అని 2,104 మందిపై జరిపిన అవెర్ట్ అధ్యయనం 2015లో వెలువడింది. అలా తొందరపెట్టినవారిలో మూడు నెలల తర్వాత మంచి ఫలితాలు తగ్గాయి. తొలి రోజుల తొందర వేరు, నిలకడ వచ్చాక కావలసిన శ్రమ వేరు. ఆ శ్రమ రోజుకు కనీసం మూడు గంటలు, వారానికి కనీసం ఐదు రోజులు ఉండాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2023లో సూచించింది. హైదరాబాదులో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ముప్పావుగంట ఉండి వెళ్లిపోతే, మిగిలిన గంటలు ఎలా నిండాలి? సృజనాత్మక చికిత్సలకు నేను విలువనిచ్చేది ఇక్కడే.

మాట పడిపోయిన కొందరు, ఒక్క ముక్క కూడా పలకలేనివారు, చిన్నప్పటి పాటను మాత్రం పదాలతో సహా పాడగలుగుతారు. ఇంట్లోవాళ్లు దీన్ని చూసి, మాట రాకపోవడం మొండితనమేమోనని అనుమానిస్తారు. ఆ అనుమానం రోగిని ఎంత బాధపెడుతుందో మీరు ఊహించుకోవచ్చు. చాలామందిలో మాటకు ప్రధాన స్థానం మెదడు ఎడమవైపున ఉంటుంది, పాటకు మాత్రం కుడివైపు సాయం కూడా బాగా అందుతుంది. ఈ సంగతిని ఆధారం చేసుకుని 1973లో బోస్టన్ వైద్యులు ఒక స్పీచ్ థెరపీ పద్ధతిని ప్రకటించారు. ‘నీళ్లు కావాలి’ అన్న మాటను పై స్వరం, కింది స్వరం అనే రెండిటి మీద సాగదీసి పాడుతూ, అక్షరానికొక దెబ్బ చొప్పున ఎడమ చేతితో తట్టిస్తారు. మొదట థెరపిస్టుతో కలిసి, తర్వాత ఒంటరిగా, చివరకు రాగం తగ్గించి మాటగా పలికిస్తారు. అందరికీ ఫలించదు. ఎదుటివారి మాట అర్థమవుతూ తాను పలకలేకపోయేవారికి ఎక్కువ పనికివస్తుంది.

నా ప్రశ్నకు కొంత ఎదురు నిలిచే ఫలితం కూడా ఒకటుంది. ఫిన్లాండులో స్ట్రోక్ రోగులు తమకిష్టమైన సంగీతాన్ని రోజూ కనీసం గంటసేపు, రెండు నెలలపాటు ఊరకే విన్నారు. 2008లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, పుస్తకాల పఠనం విన్నవారికంటే, ఏమీ విననివారికంటే వీరిలో మాటల జ్ఞాపకం, ఏకాగ్రత బాగా కోలుకున్నాయి, దిగులు కూడా ఏమీ విననివారికంటే తక్కువగా ఉంది. స్ట్రోక్ తర్వాత దాదాపు మూడోవంతు మంది కుంగుబాటుకు లోనవుతారు గనుక ఇది చిన్న లాభం కాదు. రంగులతో బొమ్మలు వేయడం, బతుకమ్మ పాటకు కూర్చునైనా చప్పట్లు కలపడం వంటివాటిని నేను సమర్థించేది కూడా ఈ కారణంతోనే.

మర్దన సంగతి విడమరచి చెప్పాలి. మన ఇళ్లలో నూనె రుద్దడమే ప్రధాన చికిత్సగా సాగుతుంటుంది. తాకిడిలో ఓదార్పు ఉంది, బిగుసుకున్న కండరానికి ఉపశమనం ఉంది, కాని చెయ్యి తిరిగి పని నేర్వడం అందులో లేదు. మంచాన ఉన్న రోగి పిక్క వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే మర్దన చేయకండి. లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. పడిపోయిన చెయ్యి పట్టుకుని రోగిని పైకి లాగకండి, భుజం కీలు జారుతుంది. సెలూన్లో క్షవరం తర్వాత మెడ విరిపించుకునే అలవాటును మానుకోండి. మెడలోని రక్తనాళం చీలి, దానివల్లే స్ట్రోక్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను అమెరికా పరిశోధకులు పరీక్షించినప్పుడు దాదాపు ఐదోవంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2008లో తేలింది. ఏ మందు వాడినా డాక్టరుకు చూపించి వాడండి. దాన్ని నమ్ముకుని బీపీ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర మానేయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

కుటుంబమే అన్నీ నేర్చుకుని చేసేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో ఆ ప్రయత్నం జరిగింది. 2017లో వెలువడిన అటెండ్ అధ్యయనంలో, శిక్షణ పొందిన కుటుంబసభ్యులు ఇంట్లో చేయించిన పునరావాసం వల్ల ఆరు నెలల తర్వాత మరణాల్లోగాని, ఒకరిపై ఆధారపడడంలోగాని తేడా కనిపించలేదు. ఆ ఇళ్లలో భార్యలు, కోడళ్లు, కూతుళ్లు పడ్డ కష్టం తక్కువని దీని అర్థం కాదు. నైపుణ్యం ఉన్న చేతుల పనిని ప్రేమతో భర్తీ చేయమని వారిని అడగడం అన్యాయమని నేను భావిస్తాను. 2018లో మన హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రులు, బీపీ, షుగర్ పరీక్షలను గల్లీదాకా తెచ్చాయి. ప్రతి దవాఖానాలోనూ వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు, ఒక రోజైనా స్పీచ్ థెరపిస్టు కూర్చునేలా చూడమని మన కార్పొరేటర్లను, శాసనసభ్యులను పేరుపేరునా అడగాలి. ఆ విన్నపం నకలు బయట బల్ల మీద ఉంది, చదివి సమ్మతమైతే సంతకం చేయండి.