నాఫ్టా వల్ల ఎన్ని ఉద్యోగాలు పోయాయి? లెక్క ఎవరి దగ్గరుంది?

నమస్తే అండీ. అమెరికాలో ఎన్నికలు వచ్చాయంటే చాలు, నాఫ్టా గొడవ మళ్లీ మొదలవుతుంది. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి చేసుకున్న ఈ వాణిజ్య ఒప్పందం 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2010 నాటికి దీనివల్ల 6,82,900 ఉద్యోగాలు పోయాయని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చెప్పింది. అమెరికా కాంగ్రెస్‌కు నివేదికలిచ్చే పరిశోధన విభాగమేమో, విమర్శకులు భయపడినంత నష్టమూ లేదు, సమర్థకులు ఆశపెట్టినంత లాభమూ లేదు అంది.

ఇంత తేడా ఎందుకొచ్చింది? మొదటివాళ్లు మెక్సికోతో ఉన్న వాణిజ్య లోటును, అంటే అమ్మినదానికంటే ఎక్కువగా కొన్న తేడాను, ఉద్యోగాల్లోకి మార్చి లెక్కేశారు. రెండోవాళ్లు దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థను చూశారు. ఏ ఊళ్లో ఏ ఫ్యాక్టరీ మూతపడిందో మాత్రం ఈ రెండింట్లోనూ దొరకదు.

ఉదాహరణకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌నే తీసుకోండి. ముప్పై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. అక్కడ మేట్యాగ్ కంపెనీకి ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ ఉండేది. మూసేస్తామని 2002 అక్టోబరులో ప్రకటించి, 2004 సెప్టెంబరులో మూసేశారు. సుమారు 1,600 మంది రోడ్డున పడ్డారు. మెక్సికోలో రేనోసా అనే ఊరికి ఉత్పత్తి తరలిపోయింది. 2004లో ఒబామాకు దేశమంతా పేరు తెచ్చిన ప్రసంగంలో కూడా ఈ కార్మికుల ప్రస్తావన ఉంది.

గేల్స్‌బర్గ్ అంటే పేపర్లకెక్కింది కాబట్టి తెలిసింది. పేపర్లకెక్కని ఊళ్ల సంగతి తెలుసుకోవాలంటే, అమెరికా కార్మిక శాఖలో ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అనే పథకం ఫైళ్లు చూడాలి. ఆ పథకం 1962 చట్టంతో మొదలైంది. దిగుమతుల వల్లో, పని వేరే దేశానికి తరలించడం వల్లో ఉద్యోగం పోతే శిక్షణ, ఆర్థిక సాయం ఇచ్చేవారు. ముగ్గురు కార్మికులు కలిసి సంతకం పెట్టినా పిటిషన్ చెల్లేది. యూనియనూ, చివరికి కంపెనీ కూడా పెట్టే వీలుండేది. తర్వాత ప్రభుత్వ అధికారులు కంపెనీ అమ్మకాలు, ఉత్పత్తి, దిగుమతుల వివరాలు తెప్పించుకుని తేల్చేవారు. ఆ ఉత్తర్వులో కంపెనీ పేరు, ఊరు, అక్కడ తయారయ్యే వస్తువు, సాయం ఎందుకిచ్చారో కారణం, అన్నీ ఉంటాయి. టీవీ చర్చలో అరిచే అంకెల కంటే నాకు ఆ ఒక్క కాగితం మీదే నమ్మకం.

నాఫ్టా బాధితుల కోసమైతే 1994 నుంచి 2002 దాకా విడిగా ఒక పథకమే నడిచింది. తర్వాత దాన్ని అసలు పథకంలో కలిపేశారు.

అలాగని ఈ ఫైళ్లలో అంతా దొరుకుతుందనుకోకండి. పిటిషన్ పెట్టనివాళ్లు లెక్కలోకే రారు. ఎంతమందికి ఉద్యోగం పోతుందన్నది చాలాసార్లు ముందస్తు అంచనా మాత్రమే. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టిఫిన్లమ్ముకునే హోటల్ మూతపడితే దాని ఊసే ఉండదు. ఎగుమతుల వల్ల కొత్తగా వచ్చిన ఉద్యోగాలూ ఇందులో కనిపించవు.

ఇక మనవాళ్లకు సంబంధించిన ముచ్చట. 2000 తర్వాత సాఫ్ట్‌వేర్ పనులు ఇండియాకు తరలుతుంటే, ఉద్యోగాలు పోయిన అమెరికా ప్రోగ్రామర్లు ఇదే సాయం అడిగారు. మీరు తయారుచేసేది "వస్తువు" కాదంటూ కార్మిక శాఖ తోసిపుచ్చింది. వాళ్లు కోర్టుకెళ్లారు. 2006లో శాఖ మెట్టు దిగింది. 2009 చట్టంతో సేవారంగం మొత్తానికీ దారి తెరుచుకుంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో మనవాళ్లకు ఆఫర్ లెటర్లు వస్తున్న రోజుల్లోనే అక్కడ ఈ పిటిషన్లు నడిచాయి.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఇండియాకు, అమెరికాకు అప్పట్లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమే లేదు. అయినా ఆ ఉద్యోగాలు ఈ ఫైళ్లలోకి ఎక్కాయి. అంటే ఇందులో ఉన్న ప్రతి పేరునూ ఏదో ఒక ఒప్పందం ఖాతాలో వేసేస్తే కుదరదు. చాలామంది వేసేస్తున్నారు, అది వేరే విషయం.

2022 జూలై 1 నుంచి కొత్త పిటిషన్లు తీసుకోవడం ఆపేశారు, ఎందుకంటే కాంగ్రెస్ పథకాన్ని పొడిగించలేదు. టారిఫ్‌ల రచ్చ ఇంత జరుగుతున్న టైంలో ఈ లెక్క రాసేవాళ్లే లేరు. ఇక మిగిలింది వార్న్ నోటీసులు. వంద మంది, అంతకు మించి ఉన్న కంపెనీలు భారీగా తొలగించే ముందు సాధారణంగా 60 రోజుల ముందు ఇవ్వాల్సినవి. చాలా రాష్ట్రాల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. కంపెనీ, తేదీ, ఎంతమంది అన్నది తెలుస్తుంది. పని ఏ దేశానికి పోయిందో చెప్పాల్సిన అవసరం మాత్రం కంపెనీకి లేదు.