రిపోర్టులో లేని జబ్బును రాయొద్దు: తిరుపతి కోడర్ అక్కతో మాటామంతీ

యాంకర్: నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ, బీఫార్మసీ చదివిన పిల్లలు చాలామంది మెడికల్ కోడింగ్ వైపు, అంటే రోగి రికార్డులోని జబ్బులకు కోడ్ నంబర్లు వేసే పని వైపు చూస్తున్నారు. ఇక్కడే ఇంట్లో కూర్చుని అమెరికా రోగుల చార్టులకు, అంటే వాళ్ల వైద్య రికార్డులకు, కోడ్లు వేసే అక్క ఈరోజు మనతో ఉన్నారు. అక్కా, ఫోన్లో ఒక రిపోర్టు సంగతి చెప్పారు కదా, దాంతోనే మొదలుపెడదామా?

అక్క: ఆ రిపోర్టు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది తమ్ముడూ. ఉద్యోగంలో చేరిన కొత్త. అవుట్‌పేషెంట్ చార్టు, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకుని వెళ్లిన మనిషిది. కడుపులో నీరు చేరితే తీసి సైటాలజీకి, అంటే కణాల పరీక్షకు పంపారు. రిపోర్టు చివర ఒకటే లైను: ‘ఎటిపికల్ సెల్స్, సస్పీషియస్ ఫర్ మాలిగ్నెన్సీ.’ అంటే కణాలు తేడాగా ఉన్నాయి, క్యాన్సరేమోనని అనుమానం. మాలిగ్నెన్సీ అన్న మాట చూడగానే సి 78.6 అనే కోడ్ కొట్టేశాను. అంటే ఏంది, పెరిటోనియంకి, అంటే కడుపు లోపలి పొరకి, క్యాన్సర్ పాకిందని రాసేసినట్టు!

యాంకర్: ఆడిట్‌లో, అంటే కోడ్లు మళ్లీ సరిచూసేటప్పుడు, పట్టుకున్నారా?

అక్క: పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఇంకా తేలని క్యాన్సర్ ఒక మనిషి రికార్డులోకి ఎక్కేసేది. తలుచుకుంటే ఇప్పటికీ భయమే. అవుట్‌పేషెంట్‌లో సస్పెక్టెడ్ (అనుమానం), ప్రాబబుల్ (కావచ్చు), రూల్ అవుట్ (కాదని తేల్చుకోవాలి) అని ఉంటే ఆ జబ్బును కోడ్ చెయ్యకూడదు. అప్పటికి ఏది తేలిందో అదే వెయ్యాలి. అక్కడ తేలినవి రెండే. నీరు చేరింది, ఆర్ 18.8. కణాలు తేడాగా ఉన్నాయి, ఆర్ 85.69.

యాంకర్: అడ్మిట్ అయినవాళ్లకూ ఇంతేనా?

అక్క: కాదు. డిశ్చార్జ్ నాటికి కూడా డాక్టర్ ప్రాబబుల్ అనే రాస్తే, అక్కడ ఆ జబ్బు ఉన్నట్టే లెక్క. కానీ డాక్టర్ పట్టించుకోని ల్యాబ్ ఫలితాన్ని మనంతట మనం కోడ్ చేయడానికి లేదు.

యాంకర్: ఆర్ 85.6కీ ఆర్ 85.7కీ పిల్లలు తికమక పడతారంట.

అక్క: నీళ్లలోనో స్మియర్‌లోనో విడిగా దొరికిన కణాలు చూస్తే సైటాలజీ, 85.6. ముక్క తీసి చూస్తే హిస్టాలజీ, 85.7. యానల్ స్మియర్, అంటే మలద్వారం నుంచి తీసిన కణాల నమూనా, దగ్గర బాగా పొరపాటు పడతారు. స్మియర్‌లో హైగ్రేడ్, అంటే కణాల మార్పు ఎక్కువ, అని వస్తే ఆర్ 85.613. బయాప్సీలో ఏఐఎన్ (మలద్వారం పొర కణాల్లో క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పు) త్రీ అని తేలితేనే డి 01.3. ఏఐఎన్ వన్, టూ అయితే కె 62.82. స్మియర్ చదవడానికి వీలుకాకపోతే దానికీ కోడుంది, ఆర్ 85.615. దాన్ని నార్మల్ కింద వదిలేస్తుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. మళ్లీ పరీక్ష ఎందుకు చేశారో ఇన్సూరెన్సుకు చూపించేది ఆ కోడే కదా.

యాంకర్: నోట్ అర్థం కాకపోతే?

అక్క: డాక్టర్‌కి క్వెరీ, అంటే రాతపూర్వకంగా ప్రశ్న, పెట్టాల. ‘ఇది క్యాన్సరేనా?’ అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. ‘ఫలానా తేదీ సైటాలజీలో ఎటిపికల్ సెల్స్ అని ఉంది, దీనికి సంబంధించిన డయాగ్నోసిస్ ఉంటే నోట్‌లో రాయగలరు’ అని పెడతా. జవాబు వచ్చేదాకా ఆ చార్టు నా దగ్గర పెండింగ్‌లోనే ఉంటుంది.