నాలుక పియర్సింగ్, 8 వారాల తర్వాత: సూది సంగతి సరే, బార్ సంగతి ఎవరూ చెప్పలేదు

హాయ్ అందరికీ! ముందు ఇది చూడండి. ఆఁ... కనబడిందా? ఆగండి, లైట్ ఇటు తిప్పుతా. ఇప్పుడు? నాలుక మధ్యలో ఆ చిన్న గుండు. అదే. కుట్టించుకుని ఇవాళ్టికి సరిగ్గా 8 వారాలు.

ఆ రోజు వీడియో పెడితే అందరూ అడిగింది ఒకటే, "నొప్పి పుట్టిందా అక్కా?" అని. పుట్టింది, రెండు మూడు సెకన్లు. అన్నం తింటూ నాలుక కొరుక్కుంటాం చూడండి, నాకైతే దానికంటే తక్కువే అనిపించింది. సూది గురించి ఇంతకుమించి చెప్పడానికేం లేదు. అసలు కథ ఆ తర్వాతే. అందుకే ఈ 8 వారాల్లో నేను పుక్కిలించినవి, మింగినవి, పంటితో కొరికినవి ఒక్కోటీ రివ్యూ చేస్తున్నా.

మొదట బార్, అంటే నాలుకలోంచి దూర్చే కడ్డీ, రెండు చివర్లా గుండ్లు. కుట్టిన రోజు పెట్టేది బాగా పొడుగ్గా ఉంటుంది. నాది 22 మిల్లీమీటర్లు. లావు 14 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్లు. అద్దంలో చూసుకుని "ఇంత పొడుగేంటి, కొలత తప్పిందా?" అనుకున్నా. తప్పలేదు. నాలుక వాస్తుంది కాబట్టి ఆ వాపుకి చోటు కావాలి. ఇంకో మాట, కుట్టించుకునే ముందే ఏ లోహమో అడగండి. ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం అయితే మంచిది, అంటే ఒంట్లో అమర్చడానికి పనికొచ్చేది, దాని ప్రమాణం నంబర్ ఏఎస్‌టీఎం ఎఫ్136 అని ఉంటుంది. గిల్ట్ కమ్మలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టి రసి కారుతుందే, చాలామందికి అది నికెల్ పడకే. చెవికే పడనిది నోట్లో పెట్టుకుని ఏం సుఖం?

మొదటి రోజు సాయంత్రం ఏమీ లేదండీ. ఇక్కడ చెన్నైలో టి.నగర్ నుంచి వేళచ్చేరిలో మా పీజీకి ఆటోలో వస్తూ, ఇంతేనా అనుకున్నా. రెండో రోజు పొద్దున లేచేసరికి నోట్లో ఉన్నది నా నాలుకలా లేదు. ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టుంది. అదే టైమ్‌కి నెల్లూరు నుంచి అమ్మ ఫోన్. అమ్మకి ఇంకా చెప్పలేదు. "గొంతు అట్టా ఉందేమే?" అంటే, రాత్రి నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి అని చెప్పబోయా. "ళ" పలకాలంటే నాలుక కొన పైకి మడవాలి కదా, మడిస్తేగా! "కల్లు మండుతున్నాయమ్మా" అని వచ్చింది. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. "పొద్దున్నే కల్లేందే నీకు?" ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశా. తిట్లు ఇక్కడ చెప్పను.

మూడో రోజు, నాలుగో రోజు వాపు మరీ ఎక్కువ. వారం తిరిగేసరికి దిగింది. ఆ రోజుల్లో నన్ను కాపాడింది ఐసు. దీనికి పదికి పది. చిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టుకుని కరగనివ్వాలి, నమలకూడదు. మా పీజీ ఫ్రిజ్‌లో ఐస్ ట్రే ఒక్కటే, దానికోసం నేను చేసిన గొడవలు వేరే వీడియో అవుతాయి.

తిండి. మైలాపూర్ వెళ్ళి చల్లటి రోజ్ మిల్క్ తాగా, గ్లాసుతోనే, స్ట్రా లేకుండా. పీల్చేటప్పుడు నోట్లో పడే లాగుడు కొత్త పుండుకి మంచిది కాదు. పెరుగన్నం మెత్తగా పిసికి తింటే సుఖంగా ఉంటుందనుకున్నా గానీ, మెతుకులు పోయి బార్ చుట్టూ అతుక్కుంటాయి. ఒక మెతుకుని బయటికి తీయడానికి పావుగంట పట్టింది నాకు. మజ్జిగలో నానేసిన ఇడ్లీ చాలా నయం. చిన్న ముక్క తీసుకుని నేరుగా దవడ పళ్ళ మీద పెట్టి, నాలుక కదపకుండా మెల్లగా నమలాలి. కారం, పులుపు, వేడి, మందు, సిగరెట్, ముద్దులు అన్నీ బంద్. నెల్లూరు పిల్లని, చేపల పులుసు లేకుండా ఆరు వారాలు! అమ్మ శాపం తగిలింది.

ఉప్పునీళ్ళు. దీనికీ మంచి మార్కులే, కొలత పాటిస్తే. గ్లాసు నీళ్ళకి, అంటే 240 మిల్లీలీటర్లకి, పావు టీస్పూను ఉప్పు. అంతే. అమ్మ మాట విని గుప్పెడు కల్లుప్పు... చూశారా, మళ్ళీ కల్లు వచ్చింది... గుప్పెడు వేసి పుక్కిలించా, లోపలంతా భగ్గుమంది. ఘాటు ఎక్కువైతే తొందరగా మానుతుందనేది భ్రమ. మౌత్‌వాష్ అయితే సీసా వెనక తిప్పి చదవండి, ఆల్కహాల్ లేనిదే తీసుకోండి. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, అర నిమిషం. రోజుకి నాలుగైదు సార్లు మించితే అదీ చేటే, నాలుక పాచిపట్టినట్టు అవుతుంది. డాక్టర్ చెప్పకుండా క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందున్న మౌత్‌వాష్ రోజులు రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి కూడా మారిపోతుంది. పసుపు పెట్టమని మా పెద్దమ్మ. వద్దు పెద్దమ్మా. టూత్‌బ్రష్ మెత్తటిది, కొత్తది కొనుక్కున్నా. దాని గురించి ఇంకేం లేదు.

బార్ చుట్టూ తెల్లగా, లేత పసుపుగా ఏదో కనబడితే హడలిపోకండి, నేను హడలిపోయా. మానేటప్పుడు ఊరే రసి అది. కానీ చిక్కగా పసుపు, ఆకుపచ్చ రంగు చీము, జ్వరం, తగ్గాల్సిన వాపు పెరగడం, ఇవి అలా కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీ అంతట మీరు బార్ పీకేయకండి, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. ఇక దవడ కింద గట్టిగా వాచి, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైతే రేపు చూద్దాంలే అనొద్దు, 108కి ఫోన్ చేయండి. నోటి అడుగున ఇన్ఫెక్షన్ పాకి గొంతు దారి మూసుకుపోయే ప్రమాదం నిజంగా ఉంది.

ఇప్పుడు నా కడుపుమంట. కుట్టిన స్టూడియో పేరు చెప్పను. చేతులు శుభ్రం, సూది నా ముందే ప్యాకెట్ విప్పారు, నాలుక కింద నరాలు లైట్ వేసి చూశారు, అన్నీ బాగున్నాయి. కానీ వాపు దిగాక పొట్టి బార్ వేయించుకోవాలని ఒక్క ముక్క చెప్పలేదు! మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చేయాలట. నేను ఐదో వారం దాకా ఆ 22 మిల్లీమీటర్లతోనే తిరిగా. నోట్లో ఖాళీ చోట పొడుగు బార్ ఉంటే ఏం చేస్తాం? ఆడిస్తాం. మీటింగ్‌లో కింది పళ్ళ వెనక టకటక. తెలియకుండానే అలవాటైంది.

ఒక సాయంత్రం మురుకు కొరికా. టక్కుమంది. మురుకు అనుకున్నా. నమిలితే ఇసుకరేణువులా తగిలింది, తీసి చూస్తే తెల్లటి చిన్న పలుకు. కింది దవడ పన్ను అంచు. బార్ గుండు పళ్ళ మధ్య పడింది.

పళ్ళ డాక్టర్ ఎనామిల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, ఊడిందన్నారు, ఊడింది మళ్ళీ పెరగదు కాబట్టి అతికించి సరిచేశారు. ఆ టకటక ఇలాగే సాగితే ముందు పళ్ళ వెనక చిగుళ్ళు కూడా కిందికి జారతాయని చెప్పారు. కుట్టించుకున్నదానికంటే పన్నుకే ఎక్కువ ఖర్చయింది. మర్నాడే 16 మిల్లీమీటర్ల బార్ వేయించా. వేరే చోట, కొలిచి మరీ. మొదటిసారి మీ అంతట మీరు మార్చుకోవద్దు, కొత్త రంధ్రం నిమిషాల్లో బిగుసుకుపోతుంది. గుండు మరలు వదులవుతుంటాయి, రోజూ చేతులు కడుక్కుని ఒకసారి బిగించుకోండి.

అన్నట్టు, వడపళని దగ్గర ఒక ఆటో ఆయన నా నాలుక చూసి "ఎన్న వేండుదల్?" అన్నారు, ఏం మొక్కు అని. తైపూసం పండక్కి మురుగన్ భక్తులు నాలుకకి చిన్న వేల్, అంటే ఆ స్వామి బల్లెం లాంటిది, గుచ్చుకుంటారు కదా, అదనుకున్నారు పాపం. మొక్కేం లేదు, ఊరికే అని చెప్పా. అద్దంలోంచి నన్ను చూసిన చూపు అమ్మ తిట్లకంటే గట్టిది.

మాట ఎలా ఉందంటారా, వినండి. కళ్ళు. పెళ్ళి. గోళ్ళు. అన్నీ తిరిగొచ్చేశాయి. ఇక తమిళంలో అరటిపండు, వాళపళం. ఆ తమిళ "ళ" మాత్రం రాలేదు. అది బార్ లేనప్పుడూ రాలేదులెండి.