వయ్యారిభామ దురద మీద స్టెరాయిడ్ క్రీము ఏం చేస్తుంది?

[దృశ్యం: పొలం గట్టు, తెల్లని చిన్న పూలతో వయ్యారిభామ]

నమస్కారం. ఈ మొక్క తెలియని పల్లె ఉండదు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఏళ్ల తరబడి దీన్ని ఉత్త చేతులతో పీకిన రైతుకు ఒక ఏడాది ఉన్నట్టుండి కనురెప్పలు ఉబ్బుతాయి, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి రసి కారతాయి. అదీ పీకిన రోజున రాదు, ఒకటి రెండు రోజులు గడిచాక వస్తుంది.

ఎందుకింత ఆలస్యం? మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం మన చర్మపు ప్రోటీన్లకు అతుక్కుంటుంది. చర్మంలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు దాన్ని పట్టుకుని, దగ్గరి లింఫు గ్రంథికి మోసుకెళ్లి టి కణాలనే రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. కొన్ని టి కణాలు ఆ ఆనవాలును గుర్తు పెట్టుకుంటాయి. మళ్లీ ఆ మొక్క తగిలినప్పుడు అవి చర్మంలోకి చేరి, సైటోకైన్లనే రసాయనాలు వదిలి మిగతా కణాలను కూడగడతాయి. ఆ కూడికకే అంత సమయం పడుతుంది.

[దృశ్యం: ఒక కణం, దగ్గరగా]

ఇప్పుడు క్రీము రాశాం. స్టెరాయిడ్ కొవ్వులో కరుగుతుంది కనుక కణం పొరను ఇట్టే దాటుతుంది. లోపల తనను పట్టుకునే ప్రోటీనుతో, అంటే గ్రాహకంతో, జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి, సైటోకైన్లను తయారు చేయించే జన్యువులను అణచిపెడుతుంది. టి కణాలకు పిలుపులు ఆగిపోతాయి, కొన్ని అక్కడే చనిపోతాయి. లాంగర్‌హాన్స్ కణాలు తగ్గుతాయి. రక్తనాళాలు ముడుచుకుని చర్మం పాలిపోతుంది. ఏ క్రీము ఎంత బలమైనదో ఈ పాలిపోవడాన్ని చూసి తేల్చే పద్ధతి 1962లో వచ్చింది.

జన్యువుల దగ్గర జరిగే పని కనుక గంటలు పడుతుంది. రాయగానే తగ్గలేదని పదే పదే పులమకండి. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది చాలు.

[దృశ్యం: అంచులు చెరిగిపోయిన తామర మచ్చ]

నన్ను బాగా బాధపెట్టేది ఇది. దురద ఏదైనా ఒకటే అనుకుని, దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ ట్యూబును శిలీంధ్రం (ఫంగస్) వల్ల వచ్చే తామరకు రాస్తున్నారు. రోగనిరోధక కణాలు చల్లబడగానే దురద తగ్గుతుంది, శిలీంధ్రం మాత్రం అడ్డులేకుండా పాకుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది.

వయ్యారిభామ విషయంలోనూ ఆ ఆనవాలు గుర్తున్న టి కణాలు ఒంట్లోనే ఉంటాయి. మొక్క తగిలితే మళ్లీ లేస్తాయి. అందుకే ఏది పడటం లేదో ప్యాచ్ పరీక్షతో తేల్చుకోవాలి. అనుమానం ఉన్న పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద 48 గంటలు ఉంచుతారు. అక్కడ ఈ మధ్య స్టెరాయిడ్ రాసి ఉంటే ఆ చోటు స్పందించకపోవచ్చు. పట్టీలు వేయకముందే డాక్టరుకు ఆ మాట చెప్పండి.